మంగళుడు వెళ్ళేదాకా

నాంపల్లి స్టేషన్ వెనక సందులో వామన్‌రావు అని ఒక లెక్కల మాస్టరు ఉండేవాడు. ఆ పేరు చెప్పి అడిగితే సందులో ఎవరూ ఇల్లు చూపించేవారు కారు. దుర్బీన్ సార్ అని అడగాలి. అప్పుడు టాంగావాలా కూడా మిద్దె మీద గోనెపట్టా కప్పి నిలబెట్టిన గొట్టాన్ని వేలితో చూపించేవాడు. పగలంతా గన్‌ఫౌండ్రీ దగ్గరి ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు భిన్నాలు చెప్పడం, పొద్దుగూకగానే మిద్దె ఎక్కి గ్రహాలు చూడడం, ఇదీ ఆయన బతుకు. గ్రహాలు చూస్తాడంటే జాతకాలు చెబుతాడనుకుని మొదట్లో కొందరు ఆడవాళ్ళు పిల్లల జన్మపత్రికలు పట్టుకుని వచ్చారు. "నా దగ్గరున్న శని ఉంగరం పెట్టుకుని తన తొవ్వన తను పోతడమ్మా, ఎవ్వర్ని పట్టడు" అని ఆయన చెప్పాక రావడం మానేశారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ దుర్బీను 1931లో ఆబిడ్స్‌లోని ఒక హర్రాజు ఇంట్లో దొరికింది. కొలువు ముగించుకుని ఇంగ్లండుకు వెళ్ళిపోయే దొరల సామాను అక్కడ ఆదివారాలు వేలం వేసేవారు. కుర్చీలకూ పింగాణీ గిన్నెలకూ జనం పోట్లాడుకున్నారు. ఇత్తడి గొట్టం జోలికి ఎవరూ రాలేదు. మూడంగుళాల అద్దం, మూడుకాళ్ళ స్టాండు, రెండు ఐపీసులు. టాంగాలోంచి ఆ గొట్టం దిగుతుంటే ఆయన భార్య వసుమతి గడపలో నిలబడి చూసింది. "కుర్చీలు తెస్తనని పోయిన్రు గదా" అంది. మరొకరైతే వారం రోజులు మాట్లాడకపోదురు. ఆమె ఆ ఒక్క మాటతో సరిపెట్టి, మిద్దె ఊడ్వడానికి చీపురు తీసుకుని పైకి వెళ్ళింది.

దుర్బీను కొనడం ఒక ఎత్తు, ఐపీసు కుదరడం ఒక ఎత్తు. ముందున్న పెద్ద అద్దం వెలుగును పోగుచేసి తెస్తుంది. కంటి దగ్గర బిగించే చిన్న గొట్టంలోని అద్దాలు ఆ వెలుగులోని బొమ్మను పెద్దది చేసి చూపిస్తాయి. ఆ చిన్న గొట్టమే ఐపీసు. దాని మీద రాసి ఉండే అంగుళాల లెక్క ఎంత తక్కువైతే బొమ్మ అంత పెద్దగా కనిపిస్తుంది. హర్రాజులో వచ్చిన రెండింటిలో ఒకటి ఒక అంగుళానిది, రెండోది పావు అంగుళానిది. పావు అంగుళం దొరికాక లెక్కల మాస్టరు ఇక ఒక అంగుళం వైపు చూస్తాడా? గురుగ్రహాన్ని దానిలోనే చూశాడు. గ్రహం నిజంగానే పెద్దగా కనిపించింది, కానీ అందులో ఏమీ కనిపించలేదు. మసకగా, పొయ్యి మీద ఎసరులా కుతకుతలాడుతూ ఉంది. తప్పు పెద్ద అద్దానిదే, దాని మీద పొర కమ్మింది అనుకుని, అద్దం ఊడదీసి, గుడ్డలో చుట్టి ఆబిడ్స్‌లో ఒక కండ్లద్దాల దుకాణానికి పట్టుకెళ్ళాడు.

అక్కడ అద్దాలు సానబట్టే పని చేసేది హెర్బర్ట్. మెదక్ మిషన్ బళ్ళో చదువుకుని పట్నం వచ్చినవాడు. సన్నగా, నల్లగా ఉండేవాడు, చేతివేళ్ళు ఎప్పుడూ సానపొడితో ఎర్రగా ఉండేవి. అద్దాలు సానబట్టడంతోపాటు వచ్చినవాళ్ళ కళ్ళు చూసి నంబరు చెప్పేదీ అతనే. అయినా యజమాని దగ్గర్నుంచి గిరాకీల దాకా అందరూ "ఏయ్ చష్మా" అనే పిలిచేవారు. వామన్‌రావు తెచ్చిన అద్దాన్ని వెలుగుకు పట్టి చూసి అతను నవ్వాడు.

"అద్దం మంచిగనే ఉన్నది సారూ. మీరు దేనితోని చూస్తున్నరు?"

"పావు అంగుళం."

"పిండిముద్ద గంతే గదా సారూ. రొట్టె ఎంత పెద్దగ కొడితే గంత పల్చనైతది. ఇంకా కొడితే పగులుతది. గ్రహాలకు నడిమి తీరుది కావాలె, జర ఆగుండ్రి."

పదిరోజులకు హెర్బర్ట్ అంగుళంలో మూడోవంతు ఐపీసు ఒకటి స్వయంగా చేసి తెచ్చాడు. రెండు చిన్న అద్దాలు తానే సానబట్టాడు. గొట్టం పాత సైకిల్ పంపును కోసి చేసింది. ఆ సాయంత్రం నాంపల్లి మిద్దె మీద గురుగ్రహం తన మీది చారల పట్టీలతో సహా నిలకడగా నిలబడింది, దాని ఉపగ్రహం నీడ ఒక నల్లచుక్కలా పట్టీ మీద కదిలింది. వామన్‌రావుకు కళ్ళు చెమర్చి కాసేపు ఏమీ కనబడలేదు. అప్పట్నుంచి ప్రతి శనివారం పొద్దుగూకేసరికి హెర్బర్ట్ ఆ ఇంటికి వచ్చేవాడు.

ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. అది పెట్టింది హెర్బర్టే. మొదట్లో ఒకరోజు వామన్‌రావు "మూడు పట్టీలు కనబడ్తున్నయి, చూడు" అన్నాడు. హెర్బర్ట్‌కూ మూడే కనిపించాయి. తర్వాతి శనివారం చూస్తే ఇద్దరికీ రెండే. "ముందే చెప్పుకుంటే కండ్లు అబద్ధమాడ్తయి సారూ" అన్నాడు హెర్బర్ట్. ఆనాటి నుంచి ఒకరు చూసి, మాట్లాడకుండా కాగితం మీద గీసేవారు. తర్వాత రెండోవారు చూసి గీసేవారు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాకే నోరు విప్పాలి. వామన్‌రావు గీత తీరుగా ఉండేది. హెర్బర్ట్ గీత వంకరే, కానీ చూడనిది చూశానని ఆ మనిషి ఒక్కసారి కూడా గీయలేదు. అందుకే మాస్టరు అతన్ని తన కళ్ళకంటే ఎక్కువగా నమ్మాడు.

ఇంకో సంగతీ చెప్పాలి, దాచడం తప్పు. వామన్‌రావు తల్లి బతికున్నన్నాళ్ళు హెర్బర్ట్ పక్క మెట్ల మీదుగానే మిద్దె ఎక్కేవాడు, అతని చాయ్ గ్లాసు వేరుగా మిద్దె మీదే ఉండేది. మాస్టరుకు ఇది పట్టలేదు. గ్రహాల మీద ఉన్న చూపు గ్లాసు మీద లేదు. ముసలామె పోయిన నెలకు వసుమతి ఆ గ్లాసు తీసేసి, ఇంట్లోవాళ్ళు తాగే గ్లాసులో చాయ్ పోసి, ముందు తలుపు నుంచే రమ్మంది. "అన్నా" అని పిలవడం మొదలుపెట్టింది. హెర్బర్ట్ ఆ రోజు చాయ్ తాగడానికి చాలాసేపు పట్టింది.

ఇట్లా ఎనిమిదేళ్ళు గడిచాయి. 1939 వచ్చింది. ఆ ఏడు జూలైలో మంగళుడు భూమికి బాగా దగ్గరికి వస్తాడు. మళ్ళీ అంత దగ్గరగా రావడం పదిహేను, పదిహేడేళ్ళకు గానీ జరగదు. వామన్‌రావు లండన్‌లోని ఒక ఖగోళ సంఘానికి ఉత్తరం రాశాడు. బొమ్మలు పంపమనీ, ఏ ఐపీసుతో చూసి గీశారో ప్రతి బొమ్మ కింద రాయమనీ, బాగుంటే అచ్చువేస్తామనీ జవాబు వచ్చింది. హెర్బర్ట్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"ఐపీసు చేసిందెవరో గూడ రాయొచ్చునా సారూ?"

"ఎందుకు రాయొద్దు? నీ పేరే ముందు రాస్త" అన్నాడు మాస్టరు.

మే నెలలో మంగళుడు ఇంకా అర్ధరాత్రి దగ్గరపడితే గానీ ఉదయించడం లేదు. అందుకని సాయంత్రాలు స్వాతి నక్షత్రం మీద గురిపెట్టి ఐపీసులు పరీక్షించుకునేవారు. మంచి ఐపీసులో నక్షత్రం సూదిమొనలా కనబడాలి. ఒక శనివారం వామన్‌రావుకు అట్లా కనబడలేదు. చుట్టూ మసక, ఆ మసకకు రంగుల అంచు. చంద్రుడి మీదికి తిప్పితే అంచు ఇంకా చిక్కబడింది. ఐపీసులో రంగు రావడం ఆ పనిలో ఉన్నవాళ్ళకు వింతేమీ కాదు, చవకరకం అద్దాలకు ఉండే జబ్బే అది.

"ఇదేంది హెర్బర్ట్, నీ ఐపీసు రంగులు చూపెడ్తున్నది?"

హెర్బర్ట్ చూశాడు. చాలాసేపు చూశాడు. "దీపం చుట్టు గూడ కనబడ్తున్నదా సారూ?" అని అడిగాడు.

"ఔ, స్టేషన్ దీపాల చుట్టు గూడ. నొసలు గూడ జర నొస్తున్నది. బడి కాగితాలు దిద్దీ దిద్దీ కండ్లు అలిసినయి."

సోమవారం దుకాణానికి రమ్మన్నాడు హెర్బర్ట్. అక్షరాల పటం చదివించాడు. కళ్ళు మూసుకోమని, రెప్పల మీద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కి చూశాడు, ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను, మళ్ళీ కుడి కన్ను. కార్డు మీద ఏదో రాసుకుని సొరుగులో వేశాడు. అటు తిరిగి అద్దాలు తుడుస్తూ చెప్పాడు.

"కండ్లకేం కాలే సారూ. నంబరు జర మారింది. తప్పు ఐపీసుదే. ఇంకోటి చేస్త."

ఇంకొకటి కాదు, ఆ ఎండాకాలం, వానాకాలం కలిపి నాలుగు చేశాడు. దుకాణం మూశాక ఒంటరిగా కూర్చుని అద్దాలు సానబట్టేవాడు. ఒకటి అంగుళంలో మూడోవంతు, ఒకటి అంగుళంలో ఐదింట రెండు వంతులు, ఒకటి సరిగ్గా అరంగుళం, మరొకటి అంతకంటే పెద్దది. వామన్‌రావు వాటిని చాప మీద వరసగా పెట్టుకుని, ఒక్కొక్కటే బిగించి, మబ్బు విడిచినప్పుడల్లా మంగళుణ్ణి చూసేవాడు. ఈ వారం ఒకటి నచ్చేది, వచ్చే వారం అదే మసకగా తోచేది. తనకు చూపు సునిశితమై ఐపీసుల లోపాలు తెలుస్తున్నాయని మురిసిపోయాడు. ఇంత ఓపికగా చేసిపెట్టే స్నేహితుడు ఎవరికుంటాడని వసుమతితో పదిసార్లు అన్నాడు. జూలైలో మూడోవంతు బాగుందన్నాడు, ఆగస్టుకు అరంగుళానికి దిగాడు, సెప్టెంబరుకు పెద్దదానికి దిగాడు. వెలుగు ఎక్కువగా ఉన్నదే ఆయన కంటికి ఆనుతోంది. ఆయన ఒక్కొక్క మెట్టే దిగుతుంటే పక్కన కూర్చున్న హెర్బర్ట్‌కు ఎందుకు దిగుతున్నాడో తెలుసు.

ఆగస్టు రెండో వారంలో కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు మాస్టరు బొమ్మలో మంగళుడి దక్షిణ ధ్రువం మీది మంచు తెల్లటోపీ ఉంది, దాని పక్కనున్న నల్లమచ్చ లేదు. హెర్బర్ట్ కాగితంలో రెండూ ఉన్నాయి. "నాకే పొరపాటు పడ్డట్టుంది" అని హెర్బర్ట్ తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి శనివారం అసలు గీయనే లేదు. "మీ బొమ్మలే పోవాలె సారూ లండన్‌కు. నావి చెత్త" అన్నాడు. ఎనిమిదేళ్ళ కట్టుబాటు ఆ రోజు తెగింది. మాస్టరు దాన్ని వినయం అనుకున్నాడు.

దసరా సెలవుల్లో, ఒక సాయంత్రం, మిద్దె మీద ఉండగానే కుడికంట్లో మేకు దిగినట్టయింది. వామన్‌రావు స్టాండు కాలు పట్టుకుని కూలబడ్డాడు. తలంతా పగిలిపోయే నొప్పి, ఆపైన వాంతులు. హెర్బర్ట్ ఆ రోజు రాలేదు, చెల్లెలి పెళ్ళి పనుల మీద మెదక్ వెళ్ళాడు. పైత్యం అనుకుని వసుమతి అల్లంరసం ఇచ్చి, నుదుటికి శొంఠి రాసి పడుకోబెట్టింది. తెల్లవారి లేచేసరికి కుడికన్ను ఎర్రగా రాయిలా ఉంది. ఎడమకన్ను మూసి చూస్తే కిటికీ ఎక్కడుందో కూడా తెలియలేదు.

దవాఖానలో కళ్ళ డాక్టరు చాలాసేపు చూశాడు.

"దీన్ని కాలా మోతియా అంటరు మాస్టర్ సాబ్. కంట్ల వత్తిడి పెరిగి నరం చచ్చిపోతది. కుడికన్ను ఇగ రాదు. ఎడమదానికి రేపు ఆపరేషన్ చేద్దాం, ఉన్న చూపన్న నిలుస్తది. చీకట్ల ఎక్కువ కూసుంటరా మీరు?"

"దుర్బీనుల గ్రహాలు చూస్త."

"చీకటే దీనికి దుష్మన్. దీపాల చుట్టు రంగుల చక్రాలు కనబడలేదా? అదే దీని తొలిగుర్తు. ఎండకాలంలనే వస్తే చిన్న ఆపరేషన్‌తోని రెండు కండ్లు దక్కుతుండె. ఎవరికన్న చూపించుకున్నరా?"

"చూపించుకున్న. నంబరు మారిందన్నడు అంతే."

ఆ కార్డు తెప్పించమన్నాడు డాక్టరు. వసుమతి టాంగా ఎక్కి ఆబిడ్స్ వెళ్ళింది. హెర్బర్ట్ ఇంకా మెదక్ నుంచి రాలేదు. యజమాని సొరుగు వెతికి కార్డు తీసి ఇచ్చాడు. ఇంగ్లీషులో ఉంది, ఆమెకు చదవడం రాదు. తీసుకొచ్చి డాక్టరు చేతికిచ్చి మంచం పక్కన నిలబడింది.

డాక్టరు చదివి, తెలుగులో చెప్పాడు. "మే నెల, ఇరవైతొమ్మిదో తారీఖు. రెండు కండ్లు గట్టిగ ఉన్నయి, కుడిది ఎక్కువ. దీపం చుట్టు రంగుల చక్రాలు. కాలా మోతియా అనుమానం. జల్ది దవాఖానకు పంపాలె." కార్డు తిప్పి చూశాడు. "రాసినోడు మంచి పనిమంతుడు. మీకు చెప్పలేదా?"

చేతికి అబద్ధం రాయడం చేతకాలేదు హెర్బర్ట్‌కు. నోటికి మాత్రం చేతనైంది. వామన్‌రావుకు సిగ్గేసింది. మోసం చేసినవాడికి వేయాల్సిన సిగ్గు మోసపోయినవాడికి ఎందుకు వేస్తుందో గానీ, వేస్తుంది.

"చెప్పిండేమో డాక్టర్ సాబ్. నేనే మరిచిపోయిన" అన్నాడు.

వసుమతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. పరాయివాడు చేస్తే దెబ్బ, అయినవాడు చేస్తే తడిగుడ్డతో గొంతు కోయడం. కళ్ళు కాపాడే పనిలో ఉన్నవాడే ఈ పని చేశాడంటే, కంచే చేను మేసింది, ఇక ఎవరితో చెప్పుకుంటారు?

ఎడమకంటికి ఆపరేషన్ అయింది. చూపు కొంత నిలిచింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపిస్తుంది, పక్కనున్న మనిషి కనిపించడు. నల్లబల్ల మీద తాను రాసిన అంకె తనకే రెండుసార్లు చూస్తే గానీ తెలియదు. ఇంటికి వచ్చిన నాలుగో రోజు హెర్బర్ట్ వచ్చాడు. చేతిలో మెదక్ నుంచి తెచ్చిన సీతాఫలాల గంప. వసుమతి గడపలోనే నిలబడింది. అన్నా అనలేదు, రమ్మనలేదు. లోపల్నుంచి మాస్టరే "రానీ" అన్నాడు.

హెర్బర్ట్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మంగళుడు వెళ్ళిపోంగనే చెబ్దామనుకున్న సారూ."

"ఎప్పుడు వెళ్ళిపోతడనుకున్నవ్?"

"అక్టోబర్ల."

"కన్ను గూడ అక్టోబర్లనే పోయింది."

"గింత జల్ది అయితదనుకోలే. మా దుకాణంల చూసినోళ్ళకు ఏండ్లకేండ్లు పట్టింది. పదిహేనేండ్లకోపారి వస్తడు సారూ గింత దగ్గరికి. నా చేతులతోని చేసిన ఐపీసు, లండన్‌ల అచ్చు పడితే..."

"గది సరే. నాకెందుకు చెప్పలే?"

హెర్బర్ట్ తల ఎత్తలేదు. "చెప్తే మీరు దవాఖానకు పోతరనుకున్న."

ఇంతకంటే నిజమైన మాట ఆ ఎనిమిదేళ్ళలో అతను ఎన్నడూ అని ఉండడు. వామన్‌రావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపు చూసి హెర్బర్ట్ లేచి వెళ్ళిపోయాడు. గంప అక్కడే ఉంది. వసుమతి దాన్ని ఎత్తి సందు చివర ఆడుకునే పిల్లలకు పంచిపెట్టింది.

బొమ్మలు లండన్‌కు వెళ్ళలేదు. అప్పటికే యుద్ధం మొదలైంది, మొదలుకాకున్నా ఆయన పంపేవాడు కాదు. దుర్బీను బడి అల్మారాలోకి పోయింది. ఐపీసులు హెర్బర్ట్‌కు తిరిగి పంపించేశాడు, తాను మురిసి మురిసి ఎంచుకున్నవన్నీ. కండ్లద్దాలు మార్చాల్సి వస్తే నాంపల్లికి నాలుగడుగుల దూరంలో ఉన్న ఆబిడ్స్ వదిలిపెట్టి, భార్య చేయి పట్టుకుని కాచిగూడ దాకా పోయేవాడు. ఆబిడ్స్ దారిలో టాంగా పోతే ఆ దుకాణం రాకముందే కళ్ళు మూసుకునేవాడు. ఆదివారాలు చర్చి దగ్గర హెర్బర్ట్ బక్కచిక్కి కనబడుతున్నాడని ఎవరో చెబితే వినీ విననట్టు ఊరుకున్నాడు.

బడిలో తోటి మాస్టరు బాలకిషన్ ఒకరోజు నచ్చజెప్పబోయాడు. "పైసలకు ఆశపడి చేయలే గదా సార్ ఆయన. మాఫ్ చేయిండ్రి."

"పైసలకు చేస్తే ఎన్నడో మాఫ్ చేస్తుంటి" అన్నాడు వామన్‌రావు. "దొంగోడని తలుపేసుకుంటుంటి, అయిపోతుండె. నాకు ఏదంటే పాణమో, గదే అడ్డం పెట్టుకుని చేసిండు."

రెండేళ్ళకు, 1941 అక్టోబరులో, మంగళుడు మళ్ళీ వచ్చాడు. అంత దగ్గరగా కాదు గానీ, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తూర్పున ఎర్రగా వెలుగుతూ లేచేవాడు. వామన్‌రావు ముందర అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల కొంచెం పక్కకు తిప్పితే, చూపు మిగిలిన చోటికి ఆ ఎర్రచుక్క వస్తోంది. వసుమతి బియ్యంలో రాళ్ళేరుతూ పక్కన కూర్చుంది. రెండేళ్ళుగా ఆమె అడగాలనుకుని అడగని మాట ఒకటి ఉంది. చేట కింద పెట్టి అడిగింది.

"గా ఎండకాలంల ఆయన చెప్పుంటే, పోయేటోళ్ళా మీరు దవాఖానకు?"

స్టేషన్‌లో బండి వచ్చి ఆగింది, కూలీల కేకలు వినిపించాయి, మళ్ళీ సద్దుమణిగాయి.

"పోయేటోణ్ని కాదు" అన్నాడు. "మంగళుడు వెళ్ళినంక చూద్దామని నేనే అనేటోణ్ని. ఎనిమిదేండ్లు పక్కన కూసుండి గూడ నేనేందో వానికి సమజ్ కాలే."

వసుమతి ఆయన ముఖంలోకి చూసింది. "చెప్పినా పోకపోతుంటిరి. కన్ను గట్లైనా పోయేదే. మరి ఆయన మీద ఇంత కోపమెందుకు?"

"అప్పుడైతే అది నేనిచ్చిన కన్ను వసుమతీ" అన్నాడు వామన్‌రావు. "ఇది నన్నడగక తీసుకున్న కన్ను."